మా ఎలుగుబంటి గొంతు సన్నం

ఏడో తరగతిలో బడీ నేనూ ఒకరికొకరం దణ్ణం పెట్టేసుకున్నాం. ఇద్దరికీ సుఖంగానే ఉండింది. మా మేనమామకి రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం రావడంతో ఆయన మైకు సెట్టు దుకాణం నా చేతికొచ్చింది. మా రైల్వే పేట ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో పెళ్లయినా, బారసాలయినా నా హారన్ కూయందే పొయ్యి వెలిగేది కాదు.

మా వీధి చివరి క్వార్టర్లో ఉండే ఆంగ్లో ఇండియన్ ఇంజను డ్రైవరు కుటుంబం ఆస్ట్రేలియా వెళ్లిపోతూ సామానంతా వరండాలో పెట్టి అమ్మేసింది. అందరూ మంచాలు, కుర్చీలు బేరమాడుతుంటే నేను ఒక పెద్ద గ్రామఫోను ప్లేటు పట్టుకొచ్చాను. అట్ట మీద గిటారు వాయించే ఎలుగుబంటి, డ్రమ్ములు కొట్టే ఉడతలు. పిల్లల బొమ్మల సినిమా పాటలట. పాడినవాళ్లు ఇంగ్లండులో కుర్రకారుని ఊపేస్తున్న బ్యాండట. ఆ ఇంటి దొరసానే చెప్పింది. నా ఇంగ్లీషు ‘ఫుల్ వాల్యూమ్’ దగ్గరే ఆగిపోయింది కనక నమ్మేశాను.

మా ప్లేయర్లో వేగం మార్చే మీట ఎప్పుడో బిగుసుకుపోయింది. సినిమా పాటల చిన్న ప్లేట్లు తిరిగే వేగం దగ్గరే బిగుసుకుంది. మా దగ్గర ఉన్నవన్నీ అవే, కాబట్టి ఏ ఇబ్బందీ లేదు. పెద్ద ప్లేటు ఇంకా నెమ్మదిగా తిరగాలని మాకు చెప్పినవాడు లేడు. అందుకని మా ఎలుగుబంటి సన్నటి గొంతుతో, రైలు కదిలిపోతున్నట్టు గబగబా పాడింది.

వర్క్‌షాపు సైరను మోగే వేళకి పిల్లలు దుకాణం ముందు చేరేవాళ్లు. సినిమా కథ చెప్పమనేవాళ్లు. తెలీదు అనడం నా వంట్లో లేదు. ఎలుగుబంటి కొత్తగా చేరిన ఖలాసీ అనీ, ఉడతలు దాని చేత ఇంజను బూడిద ఎత్తించే ఫోర్‌మన్లనీ, చివరికది గిటారు పట్టుకుని సమ్మె చేసిందనీ చెప్పాను. ఎవరి నాన్న ఖలాసీయో వాళ్లు ఎలుగుబంటి పక్షం. అంటే అందరూ. అసలు సినిమా మాలో ఎవరూ చూడలేదు. అలాంటివి ఆఫీసర్ల క్లబ్బులో వేసేవారు. మా పిల్లలు గేటు దాకా వెళ్లి, దర్వాను చేతిలో లాఠీ చూసి వెనక్కొచ్చేవారు.

వినీ వినీ పిల్లలు ఆ పాటకి కోలాటం కట్టారు. శ్రీరామనవమి పందిట్లో ఆఖరి సాయంత్రం ఆడతామన్నారు. పందిరి కమిటీ సెక్రటరీ వర్క్‌షాపులో హెడ్ క్లర్కు. మా పేటంతా ఆయన్ని బాబుగారు అనేది. ఆయన నన్ను కమిటీ ముందు నిలబెట్టాడు.

“రాముడి పందిట్లో ఎలుగ్గొడ్డు పాటేటిరా?”

“రాముడి సైన్యంలో ఎలుగ్గొడ్డు నేదేటండి, బాబుగారూ?”

కమిటీ నవ్వింది. ఆయనకి నవ్వు రాలేదు, కోపం వచ్చింది. సినిమా చూడనివాణ్ని, అట్ట మీద అక్షరం చదవలేనివాణ్ని, పిల్లలకి కట్టుకథలు నూరిపోస్తున్నానన్నాడు. ఆ సినిమా మళ్లీ క్లబ్బుకి వస్తోందనీ, తను పెద్ద ఆఫీసరు కాళ్లావేళ్లా పడి మన పిల్లల్ని తీసుకెళ్తాననీ అన్నాడు. ఆయన పందెం ఇదీ: అసలుది చూశాక కూడా పిల్లలు నా పాటే అడిగితే కోలాటం ఉంటుంది. లేదంటే కోలాటమూ లేదు, ఆ ఏడు నుంచి పందిరికి నా మైకూ లేదు. పందిరి పోతే దాని వెనకే పెళ్లిళ్లూ పోతాయి. ఆ వారం నా నోరు కాస్త తగ్గిందని మా అక్క సంతోషించింది.

క్లబ్బు హాల్లో ఆఫీసర్ల పిల్లలు కుర్చీల్లో కూర్చున్నారు, మావాళ్లు ముందు నేల మీద. నేనూ బాబుగారూ తలుపు దగ్గర నిలబడ్డాం. తెర మీద ఎలుగుబంటి గిటారు ఎత్తగానే మావాళ్లు చేతులు కోలాటానికి లేపారు. అది నోరు తెరిచింది. గూడ్సు బండి గట్టెక్కలేక మూలుగుతున్నట్టు, బొంగురుగా, తీరుబడిగా పాడింది. లేచిన చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

మా అక్క కూతురు లేచి నిలబడి ఆపరేటరు వైపు తిరిగింది. “దాదా, మిషన్ ఠీక్ నహీ హై. జల్దీ చలాఓ.”

మిషను బాగోలేదు, జోరుగా తిప్పమని ఇక మావాళ్లందరూ అందుకున్నారు. కుర్చీల్లోంచి ఒక మేమ్‌సాబు ఉష్ అంది. పాపం ఆపరేటరు నిజంగానే మిషను ఆపి, అటూ ఇటూ తడిమి, ఏమీ దొరక్క చేతులెత్తేశాడు. అప్పుడు అర్థమైంది నాకు, బిగుసుకున్నది ఎక్కడో. బాబుగారికీ అర్థమైంది. సినిమా అయ్యాక గేటు బయట ఆయన మొహం వెలిగిపోతోంది.

“ఇన్నావు గదా? అసలు పాట అదీ. నీ మిషనే తప్పు.”

నేను నోరు తెరిచేలోపు మేనకోడలు అందుకుంది.

“అసలుదైతే ఏటి తాతా? దానికి కోలాటమాడితే కర్రలట్టుకుని నిద్దరోవాల.”

ఆయన ఒక్కొక్కర్నీ ఆపి అడిగాడు, ఏ పాట కావాలని. ఒక్కొక్కరూ అదే మాట చెప్పారు: “మాది.”

మాట తప్పే మనిషి కాడు బాబుగారు. కానీ ఓడిపోయినా సరిదిద్దడం మానే మనిషీ కాడు. ఆఖరి రోజు పొద్దున్నే మీట బాగుచెయ్యమని ఎలక్ట్రీషియన్ని వెంటబెట్టుకొచ్చాడు. పాట వేస్తే వేశావు, సరైన వేగంలో పాడించమన్నాడు. నేను ప్లేయరుకి అడ్డంగా నిలబడ్డాను.

“ఆళ్ల ఎలుగ్గొడ్డుని ఆళ్ల క్లబ్బులో ఎంత నెమ్మదిగానైనా పాడుకోనీండి, బాబుగారూ. మా పిల్లల కర్రలు ఈ ఏగానికే పడతాయి.”

ఎలక్ట్రీషియను మా ఇద్దరి మొహాలూ చూసి, టీ తాగొస్తానని వెళ్లి మరి రాలేదు.

సాయంత్రం హారతి అయ్యింది. పిల్లలు కర్రలు పట్టుకుని గుండ్రంగా నిలబడ్డారు. బాబుగారు ముందు వరుసలో కూర్చుని మొహం పందిరి గుంజ వైపు తిప్పుకున్నాడు. హారన్లన్నీ ఎప్పుడూ జనం వైపే కడతాను. ఆ రోజు మాత్రం నిచ్చెనెక్కి ఒకదాన్ని క్లబ్బు వైపు తిప్పాను. దిగొచ్చి ప్లేటు మీద ముల్లు పెట్టాను, వాల్యూము చివరి దాకా తిప్పాను. అక్కడి దాకా వినిపించిందో లేదో తెలీదు. ఎవరూ వచ్చి తగ్గించమనలేదు. వచ్చినా తగ్గించేవాణ్ని కాను.