మార్కీసా, ఓవలా

2020 దీపావళి నాటికి నేను సూరత్‌లోని ఒక వజ్రాల కంపెనీలో, ఫ్యాన్సీ విభాగంలో సీనియర్ గ్రేడర్‌ని. గుండ్రంగా లేని ప్రతి ఆకారాన్నీ మా వ్యాపారంలో ఫ్యాన్సీ అంటారు. సాన పట్టిన రాయిని లూప్ అనే చిన్న భూతద్దంలో చూసి దాని రంగు, శుభ్రత, కోత ఎలా ఉన్నాయో తేల్చి చెప్పడం గ్రేడర్ పని. రాయి ఎవరు కొంటారు, ఎవరికి పెడతారు అన్నది అతనికి అనవసరం. అలాగే నాకు నేర్పారు, అలాగే నేను పదిమందికి నేర్పాను.

లాక్‌డౌన్ తర్వాత విదేశీ ఆర్డర్లు పడిపోయాయి. చిన్న రాళ్లను తెలిసినవాళ్లకు చూపించుకోవచ్చని మా సేఠ్ పాత ఉద్యోగులకు అనుమతి ఇచ్చాడు. దీన్ని జాంగడ్ అంటారు. నమ్మకం మీద సరుకు తీసుకెళ్లడం, నచ్చితే కొనడం, లేదంటే తిరిగి ఇచ్చేయడం. ఆ సంగతి తెలిసి లింబాయత్‌లో మా గల్లీలోనే ఉండే రాజవ్వ నా దగ్గరికి వచ్చింది. మా నాన్న, ఆమె భర్త సిరిసిల్ల వైపు నుంచి మగ్గాల పనికి వచ్చినవాళ్లు. ఆమె కొడుకు నరేశ్ హజీరాలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్. అతనికి శ్రావణి అనే నర్సుతో సంబంధం కుదిరింది. నిశ్చితార్థానికి ఉంగరం కావాలి. పిల్ల కరోనా వార్డులో డ్యూటీ చేస్తూ ఆసుపత్రి హాస్టల్లోనే ఉంటోంది, బయటికి రాలేదు. వేలికి దారం చుట్టి, ఆ కొలత మాత్రం పంపింది.

ఒక ఆదివారం ఉదయం మూడు పొడుగు రాళ్లు మా ఇంట్లో తల్లీకొడుకుల ముందు పెట్టాను: ఓవల్, మార్కీస్, ఎమరాల్డ్ కట్. ఓవల్ కోలగా ఉంటుంది. మార్కీస్ రెండు కొసలా మొన తేలి, పడవలా ఉంటుంది. ఎమరాల్డ్ కట్ పొడవైన నలుపలకలది. పొడుగు రాయి అదే బరువున్న గుండ్రటి రాయి కన్నా పెద్దగా కనిపిస్తుంది, వేలు కూడా సన్నగా, పొడవుగా కనిపిస్తుంది. అయితే ఓవల్, మార్కీస్‌లకు ఒక రోగం ఉంది. కోత కుదరకపోతే నడుమ నల్లటి మచ్చ అడ్డంగా పడుతుంది. దాన్ని బో-టై అంటారు. చూసేవాడి తల నీడే అక్కడ పడుతుంది.

రాజవ్వ ఎమరాల్డ్‌ని చూసీ చూడగానే పక్కకు నెట్టింది.

“ఇదేందన్నా, పలిగిన అద్దం ముక్క లెక్కున్నది!”

మార్కీస్‌ని మాత్రం తన వేలి మీద పెట్టుకుని వదల్లేదు. నరేశ్ ఓవల్‌నే తిప్పి తిప్పి చూస్తున్నాడు. ఉంగరంలో అది ఎంత కిందికి కూర్చుంటుందని అడిగాడు. చుట్టూ బంగారు అంచు కడితే వేలికి ఆనుకుని ఉంటుందన్నాను. మార్కీస్‌కి ఆ వీలు తక్కువ. మొనలు విరక్కుండా కొక్కేలు పెట్టి, కాస్త ఎత్తులో బిగిస్తారు.

తల్లి నీళ్లు తాగడానికి లోపలికి వెళ్లగానే నరేశ్ నా దగ్గరికి జరిగాడు.

“కాకా, ఓవలే మంచిదని జర అమ్మకు చెప్పు.”

ఎందుకని అడిగాను.

“ఊకెనే,” అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లలో ఏ రాయికి ఏ గ్రేడు వేయాలో నాకు చెప్పినవాడు లేడు. పైగా ఆ ఓవల్‌కి నడుమ బో-టై స్పష్టంగా ఉంది. మార్కీస్ కోత నిక్కమైనది. రాజవ్వ తిరిగి వచ్చాక మార్కీసే మంచి రాయని కుండ బద్దలు కొట్టినట్టు చెప్పాను. ఆమె ముఖం వెలిగిపోయింది. మార్కీస్‌తోనే ఉంగరం చేయించింది.

వార్డు డ్యూటీ విడత ముగిసి శ్రావణికి సెలవు దొరికిన రోజున నిశ్చితార్థం రాజవ్వ ఇంట్లోనే జరిగింది. పదిమందిమి, అందరికీ మాస్కులు. శ్రావణి చేతులు శానిటైజర్‌కి పాలిపోయి, చర్మం పగిలి ఉన్నాయి. ఉంగరం తొడిగాక ఆ మొనల మీద బొటనవేలితో నెమ్మదిగా తడిమింది.

“అత్తమ్మా, చాన మంచిగున్నది. కానీ దీని మీంచెళ్లి గ్లౌజు ఎట్ల తొడుగుత? చినుగుతది గదా.”

“ఇంకేం గ్లౌజు బిడ్డా? నౌకరీ ఇడుస్తున్నవని వీడు చెప్పిండు గదా!”

శ్రావణి నరేశ్ వైపు తిరిగింది.

“నా నౌకరీకి అత్తమ్మ ఒప్పుకున్నదని నాతోని చెప్పినవు గదా?”

నరేశ్ ఆడిన నాటకం అప్పుడు నాకు అర్థమైంది. తల్లికి ఒక మాట, పిల్లకు ఒక మాట చెప్పి, పెళ్లయ్యాక ఏదో ఒకటి సర్దుకుంటుందిలే అనుకున్నాడు. ఓవల్ అయితే గ్లౌజు కింద ఇమిడిపోయేది. ఓవలే ఎందుకని తల్లి అడిగినా, కాకానే మంచిదన్నాడని తప్పించుకునేవాడు. ఆ రాయికి నేను మంచి మాట చెప్పలేదు.

“గ్లౌజు సంగతి కాదు,” అంది శ్రావణి. “రేపు ఇంకేం దాస్తడో నాకెట్ల తెలుస్తది?”

ఉంగరం తీసి పళ్లెంలో పెట్టింది. వాళ్ల నాన్న సర్దిచెప్పబోయాడు, వినలేదు. సంబంధం అక్కడితో తెగిపోయింది.

వారం తర్వాత రాజవ్వ ఉంగరం వెనక్కి ఇవ్వడానికి మా ఇంటికి వచ్చింది. ఆమె తోడబుట్టిన అన్న ఆ వేసవిలోనే కరోనాతో పోయాడు. శవాన్ని ఇంటికి కూడా తేనియ్యలేదు. అందుకే కోడలు ఆ వార్డుకు పోతుందంటే ఆమెకు వణుకు. నేను ఆమెను తప్పుపట్టలేను.

“నన్ను అడిగితే ఏడుస్తుంటి, కొట్లాడుతుంటి. ఆఖరికి ఒప్పుకుంటుంటి అన్నా,” అంది. “పిల్ల మంచిది. వాడు నన్ను అడగనేలేదు.”

ఆ మాట విన్నాక చాలా రోజులు నాకు మనసు మనసులో లేదు. ఇప్పటికీ తలుచుకుంటే బాధగానే ఉంటుంది. నరేశ్ చెప్పమన్న మాట చెప్పి ఉంటే అతని అబద్ధం ఇంకొన్నాళ్లు నడిచేది, అంతే. అదే, పిల్ల రాకుండా రాళ్లు చూపించనని నేను పట్టుబట్టి ఉంటే, ఆ ముగ్గురూ ఒకే గదిలో కూర్చుని మాట్లాడుకునేవాళ్లు. ఆ రోజు తెగిందేదో తెగకుండా పోయేదేమో.

రాయి విలువ కట్టడంలో నేను పొరబడలేదు. ఆ మార్కీస్ మంచి రాయే, ఈరోజు చూపించినా అదే గ్రేడు వేస్తాను. అయితే 2022లో రిటైరయ్యేదాకా పెళ్లి ఉంగరానికి రాయి చూపించమని ఎవరు వచ్చినా, పెట్టుకునే మనిషి వచ్చి ఎదురుగా కూర్చునేదాకా నేను పొట్లం విప్పలేదు. ఏ రాయి మంచిదో గ్రేడర్ చెప్పగలడు. ఏ రాయి కావాలో ఆ చేతి మనిషే చెప్పాలి.