బొమ్మ దాచుకోని అద్దెవాడు

మా వాడలో ఎవరింట్లో చిక్కుడు గింజలు మాడాయో వాసన చూసి చెప్పగలదాన్ని. అలాంటిది, పన్నెండేళ్లు నా పక్క గదిలో ఉన్న కసిల్డా గూఢచారి అని నాకే తెలియలేదు. ఆఖర్న మంచాన పడ్డాక తనే చెప్పింది.

మెక్సికో సిటీలో ఒక విదేశీ ఎంబసీలో ఊడ్చే పని తనది. బుట్టల్లో పారేసిన కార్బన్ కాగితం వెలుతురుకి పెడితే ఉత్తరమంతా చదవొచ్చు. అలాంటివి మడిచి జడలో దోపుకుని తెచ్చేది. ఆదివారం చర్చి మెట్ల దగ్గర కొవ్వొత్తి కొంటూ, అమ్మేవాడి చేతిలో పెట్టేది. జైల్లో ఉన్న తమ్ముణ్ణి విడిపిస్తామని సర్కారు మనుషులు ఈ పనిలోకి దింపారు. తమ్ముడు బయటికొచ్చాడు, తను రాలేకపోయింది. దొరికితే మళ్లీ ఇల్లు చూడదని తనకి తెలుసు.

1962 జనవరి, మూడు రాజుల పండగ. వాడంతా పంపు దగ్గర బల్ల వేసుకుని కూచున్నాం. మేడ మీద కొత్తగా అద్దెకి దిగిన ఫెర్మీన్‌నీ పిలిచాను. మా దగ్గర్లోని ప్వెబ్లా ఊరివాణ్ణని చెప్పాడు. మర్యాదస్తుడు, నాకు నచ్చాడు.

పండగ రొట్టె కోసి పంచాను. అందులో దాచిన బాల ఏసు బొమ్మ ఎవరి ముక్కలో వస్తే వాళ్లు ఫిబ్రవరి రెండున అందరికీ తమాలెలు, అంటే మొక్కజొన్న పిండి ఆవిరి కుడుములు, పెట్టాలి. మా దేశంలో ఇది పసిపిల్లలకీ తెలుసు, అందుకే దొరికినవాడు గుట్టుగా దాచేస్తాడు. అంతకుముందు ఏడు మా మరిది ఏకంగా మింగేశాడు.

ఫెర్మీన్ నోట్లోంచి బొమ్మ తీశాడు. తుడిచి, అందరికీ కనపడేలా కప్పు పక్కన పెట్టుకున్నాడు.

"అయ్యో బాబూ, ఇరుక్కున్నావు!" అన్నాను.

"ఏం అక్కా?"

నేను నోరు తెరిచేలోగా బల్ల కింద కసిల్డా నా చెయ్యి గట్టిగా నొక్కింది. పైకి మాత్రం నవ్వుతూ, "ఏముంది తమ్ముడూ, బొమ్మ వచ్చినవాడికి ఆ ఏడే పెళ్లి!" అంది.

"ఔనౌను. మా ప్వెబ్లాలోనూ అంతే అంటారు."

మా మరిది నవ్వబోయాడు. కసిల్డా వాడి కాలు తొక్కినట్టుంది, రొట్టె ముక్క నోట్లో కుక్కుకున్నాడు.

"జావ చల్లారింది, వేడి చేస్తా" అని తను లేచింది. ఆ నిమిషంలోనే ఫెర్మీన్ కూడా లేచాడు. ఏం జరుగుతోందో చూడకపోతే నాకు అన్నం సహించదు, నేనూ వెనకే వెళ్లాను.

కసిల్డా పొయ్యి ముందు జడ విప్పుకుని ఉంది.

"తల విప్పావేం అక్కా?" వాడు గుమ్మంలోంచి వంగి చూశాడు.

"పొద్దుట్నుంచీ తలనొప్పి నాయనా."

అంటూనే గుప్పెడు ఎండుమిరపకాయలు నిప్పుల్లో పోసింది. ఘాటుకి నేను కళ్లు మూసుకున్నాను. వాడు దగ్గుకుంటూ పెరట్లోకి పరిగెత్తాడు.

"పిచ్చెక్కిందా నీకు?" అని అరిచాను.

"అరవకు వదినా. ఇంకొక్క నిమిషం వాణ్ణి రానివ్వకు."

ఎందుకో తెలియకుండానే గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

మర్నాడు తను కొవ్వొత్తులవాడి ముందునుంచి ఏమీ కొనకుండా నడిచిపోయింది; ప్రమాదం ఉందని అదే వాళ్ల గుర్తు. ఆ సాయంత్రానికే వాడు బుట్ట సర్దేశాడు. మంగళవారం ఎవరో కసిల్డా గదిలో పరుపు కూడా కోసి వెతికారు. జడలోని కాగితాలు ఆ మిరపకాయలతోపాటే కాలిపోయాయి, బూడిద తప్ప ఏం దొరుకుతుంది? వారం తిరక్కుండా ఫెర్మీన్ గది ఖాళీ.

తను మళ్లీ ఎంబసీ మెట్లెక్కలేదు. వీధి మొదట్లో తమాలెలు అమ్ముకుని బతికింది. ఏటా ఫిబ్రవరి రెండున మాత్రం వాడలో అందరికీ ఊరికే పెట్టేది.

"ఎవరి తరఫునే ఇది?" అని అడిగేదాన్ని.

"ఆ ప్వెబ్లా వాడి తరఫున" అనేది, ఆవిరి చూసుకుంటూ.