నీళ్లొచ్చే రూము

గదికి విలువ కట్టేందుకు నాకు తెలిసిన ప్రశ్న ఒక్కటే: నీళ్లొస్తాయా? కుందుర్పిలో బడిపంతులుగా ఉన్న ఆ ఏళ్లలో అద్దెకు ఇల్లు చూసినా, పెళ్లికి పోయి విడిదిలో దిగినా ముందు అదే అడిగేవాడిని. గాలీ వెలుతురూ తర్వాతి సంగతి.

నా భార్య జ్వరంతో పోయేనాటికి మా పాపకు ఆరేళ్లు. ట్యాంకరు దగ్గర బిందెలతో కొట్లాడి, బడికి పోయి, వంట చేసుకుని పిల్లను సాకడం నా వల్ల కాదని మా అత్త, అంటే దాని అవ్వ, బెంగళూరులో తన ఇంటికి తీసుకుపోయింది. "రెండేండ్లు ఉండనీప్పా, మళ్లీ పంపిస్తా" అంది. రెండు కాస్తా నాలుగయ్యాయి. చూడ్డానికి పోతే పాప నన్ను ఎవరో చుట్టాన్ని చూసినట్టు చూసేది. ఇంట్లో నాతో మాట్లాడేది రేడియో ఒక్కటే. సాయంత్రం బడి వదిలాక తాళం తీయాలంటే కాళ్లు రాకపోయేవి.

ఆ ఏడు దసరా సెలవులకు ఎట్లైనా దాన్ని ఇంటికి తెచ్చుకోవాలనుకున్నాను. బెంగళూరు అవతల కొత్తగా నీళ్ల పార్కు పెట్టారనీ, తనతో చదివే పిల్లలంతా చూసొచ్చారనీ ఫోనులో చెప్పింది. "నేను తీసుకపోతా పాపా, రెండు దినాలు లాడ్జిలో ఉందాం" అన్నాను. ఆ సంబరంలో నా వెంట ఊరికి వచ్చేస్తుందని నా ఎత్తు.

పార్కు దగ్గరి హోటళ్ల రేట్లు వింటే కళ్లు తిరిగాయి. మా బడిలో తోటి పంతులు ఒకాయన వేరే లాడ్జి నంబరు ఇచ్చాడు. అక్కడి అద్దె అందులో మూడో వంతే. ఎస్టీడీ బూత్‌లో మీటరు పరుగెడుతుంటే గబగబా అడిగాను.

"నీళ్లొస్తాయా అప్పా?"

"ఇరవై నాలుగు గంటలూ వస్తాయి సార్. మాది హిందూపురం, నీళ్ల బాధ నాకు తెలీదా?" అన్నాడు మేనేజరు.

అంతే, రూము ఖాయం చేసేశాను. పార్కు ఎంత దూరమని అడగాలని తోచనే లేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

సెలవులివ్వగానే బెంగళూరు పోయి, సాయంత్రానికి పాపతో లాడ్జిలో దిగాను. మంచం కిర్రుమంటుంది, కిటికీ మూసుకోదు. కుళాయి తిప్పితే మాత్రం, అబ్బ, ఏం ధార! ఉన్న రెండు బకెట్లూ నింపాను. మగ్గు నింపాను. తాగే నీళ్ల జగ్గు కూడా నింపుతుంటే పాప పకపకా నవ్వింది.

"కుళాయి ఉండాది కదా నాయనా, పట్టిపెట్టేదెందుకు?"

"నిలిచిపోతే ఏం చేస్తావ్?"

"నిలిచిపోదు."

మా ఊళ్లో అంత ధీమాగా ఎవరూ చెప్పరు. అది నవ్వినందుకు నాకు ప్రాణం లేచొచ్చింది.

పొద్దున తీరిగ్గా ఇడ్లీలు తిని తొమ్మిదింటికి ఆటో ఆపాను. ఆటో అతను మన తెలుగువాడే, పార్కు పేరు చెబితే నవ్వాడు. "అది ఊరికి ఆ పక్క సార్. ఈడికి యాడ, ఆడికి యాడ! ఈ లాడ్జి ఎవురు చెప్పిరి మీకు?"

అతను బస్టాండులో దింపితే అక్కణ్నించి మూడు బస్సులు మారాం. మొదటి బస్సులో పాప ఆపకుండా మాట్లాడింది. రెండో దాంట్లో "ఇంకా ఎంతసేపు?" అంది. మూడో దాంట్లో కిటికీకి తల ఆనించేసింది. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. చేరేసరికి ఒంటిగంట దాటింది.

అలలు పుట్టించే కొలను ఉంది అక్కడ. అందులోకి దిగాలంటే వాళ్లిచ్చే ఈత బట్టలు బాడుగకు తీసుకోవాలి. పాపకు తీసుకున్నాను. "నువ్వూ రా నాయనా!" అని నీళ్లలోంచి పిలిచింది. "నాకెందుకు లేమ్మా, దండగ" అన్నాను. ఇంకోసారి పిలిచింది. మూడోసారి పిలవలేదు. చుట్టూ అమ్మానాన్నలు పిల్లల చేతులు పట్టుకుని ఎగురుతున్నారు. నా బిడ్డ ఒక్కతే అల వచ్చినప్పుడల్లా ఎగిరి, గట్టున దాని చెప్పులు పట్టుకుని నిలబడ్డ నావైపు చూస్తోంది. ఇన్నేళ్లయినా ఆ బాడుగ బట్టలు గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

తిరిగి మూడు బస్సులు పట్టుకోవాలి కదా, నాలుగున్నరకే బయటికి లాక్కొచ్చాను. పెద్ద జారుడుబండ ఎక్కనే లేదు. రూము అద్దెలో మిగిలిందంతా బస్సులకూ ఆటోకూ సరి. వ్రతమూ చెడింది, ఫలమూ దక్కలేదు.

మర్నాడు పొద్దున బట్టలు సర్దుతూ, ఏమీ ఎరగనట్టు అడిగాను. "సెలవులకి మనూరికి వస్తావా పాపా?"

పాప జడ అల్లుకోవడం ఆపింది. "ఆడ నీళ్లొస్తాయా నాయనా?"

అబద్ధం చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. "ట్యాంకరొస్తాది" అన్నాను. "రెండు దినాలకొకసారి."

కోపం లేదు దాని మొహంలో. లాడ్జివాడిని విచారించి ఫోను పెట్టేసేవాళ్లలాగా తలూపింది. "అయితే అవ్వ దగ్గరే ఉంటాలే. నువ్వే వస్తా ఉండు."

ఏమని కోప్పడాలి? ఇల్లు బాగుందా లేదా అని కనుక్కునే ప్రశ్న నా దగ్గరే కదా నేర్చుకుంది! మొహం కడుక్కునే నెపంతో లోపలికి పోయి కుళాయి తిప్పాను. ఏడుపు బయటికి వినపడకుండా అది బాగా మోగింది.

తాళం ఇస్తుంటే మేనేజరు అడిగాడు. "నీళ్లకేం ఇబ్బంది కాలేదు కదా సార్?"

"లేదప్పా, బాగా వచ్చినాయి" అన్నాను.

పాపను మా అత్త ఇంట్లో దింపి, ఒక్కణ్నే కుందుర్పికి వచ్చేశాను.