కాటా మీద పారామోటార్

సాఫ్ట్‌వేర్ కొలువులు ఊపందుకున్న ఆ ఏళ్లలో నా మేనల్లుడు సైనిక్‌పురిలో మా ఇంట్లోనే ఉండేవాడు. ఆదివారాలు అల్వాల్ దాటాక ఒక బీడులో పారామోటార్ ఎగరేసేవాడు: వీపున ఇంజిన్, తలపైన గుడ్డతో చేసిన రెక్క. ఆ రెక్కను వింగ్ అంటారు. పుణెకు బదిలీ అయిన సహోద్యోగి ఒకడు తన వింగ్‌ను వీడికి ఇచ్చి వెళ్లాడు. వీడి పాతదానికంటే అది చిన్నది. వచ్చే ఆదివారమే దానితో ఎగరాలని పట్టుబట్టాడు.

నేను విమానాల మరమ్మతు విభాగంలో పనిచేసి రిటైరైనవాడిని. తేదీ గానీ అంకె గానీ లేని మాటను లెక్కలోకి తీసుకోను. లేబుల్ చూపించమన్నాను. తయారీ తేదీ, చివరి తనిఖీ తేదీ సరిగానే ఉన్నాయి. మోయవలసిన బరువు ఎనభై అయిదు నుంచి నూటపది కిలోలు.

“నేను డెబ్భై రెండే మావయ్యా. ఇంకా లైటే!”

“అయితే ఇంజిన్‌ను నన్ను మొయ్యమంటావా?” అన్నాను.

వాడు లెక్కలోకి తీసుకున్నది ఒంటి బరువు ఒక్కటే. వాణ్ణి కార్ఖానా ప్రాంతంలోని పాత ఇనుప సామాను కొట్టుకు తీసుకెళ్లాను. పెట్రోలు నింపిన ఇంజిన్ వీపున తగిలించుకుని, వింగ్ సంచి చేతబట్టుకుని వాడు కాటా ఎక్కాడు.

“ఏంది సార్, అల్లున్ని తుక్కు కింద ఏస్తున్నరా?” అన్నాడు కొట్టు యజమాని. “జెర సోచాయించుండ్రి. మనిషికి సుత ఇనుము రేటే ఇస్త!”

ముల్లు నూటతొమ్మిది దగ్గర ఆగింది.

“చూశారా? లిమిట్‌లోనే!” అన్నాడు మేనల్లుడు.

కాదనడానికి ఆధారం లేదు. అయినా మనసు నిలవలేదు. పాత వింగ్‌కు ఆ బరువు నడిమిది. దీనికి పై అంచు. అంత బరువు కింద ఇది ఎంత చురుగ్గా కదులుతుందో లేబుల్ చెప్పదు. వాడి చేతులకేమో పాత వింగ్‌ను అదుపుచేసే బ్రేక్ తాళ్ల అలవాటు. మా చెల్లెలికి వాడొక్కడే కొడుకు.

ఆదివారం బీడులో ఒక్కటే అడిగాను: ముందు ఇంజిన్ లేకుండా, నేల మీద నిలబడే, గాలికి వింగ్‌ను లేపి చూపించమని.

“నేనేమన్నా కొత్తవాణ్ణా మావయ్యా?” అంటూనే లేపాడు.

అది చివాలున తలపైకి వచ్చింది. అలవాటు ప్రకారం వాడు తాళ్లు లాగేలోపే తల దాటి ముందుకు దూకి కుప్పకూలింది. రెండోసారి ముందుగానే, గట్టిగా లాగాడు. ఒక పక్క ముడుచుకుపోయి, రాళ్ల మీదుగా వాణ్ణి ఈడ్చింది.

లేచి మోచేతి మట్టి దులుపుకున్నాడు.

“ఇవాళ ఇంజిన్ వద్దులెండి.”

ఎండ ముదిరేదాకా వింగ్‌ను లేపుతూ, దించుతూనే ఉన్నాడు. ఒకసారి నిలిచేది, మరోసారి పడేది.

“ఎన్నిసార్లు నిలబెడితే ఎగరొచ్చంటారు మావయ్యా?”

నాకు తెలియదు. “మళ్లీ లేపు” అన్నాను.