మా ఇంటి దుమ్ము తూకం

నాకు కోపం ఎక్కువని మా ఆయన పెళ్ళయినప్పటి నుంచీ ఊరందరికీ చెబుతున్నాడు. ఆ కోపం ఎందుకొస్తుందో మాత్రం ఎవరికీ చెప్పడు. అది నేనే చెప్పుకోవాలి. మిగతావన్నీ వదిలేసి, ఆ వైరు లేని చీపురు సంగతి ఒక్కటి చెబుతాను.

మాది మార్కాపురంలో కిరాణా దుకాణం. దుకాణం బజారు మీద, ఇల్లు వెనక సందులో. ఇల్లు మా మామగారు దగ్గరుండి కట్టించుకున్నది, లోపలంతా నల్లబండలు పరిచిన పాత నేల. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్త ఆ నేల చూపించి, "విస్తరి లేకుండా అన్నం పెట్టుకున్నా తినేటట్టు ఉండాల బండలు" అంది. ఆ మాట నేను మనసులో పెట్టుకున్నాను. అప్పటి నుంచీ తెల్లారి లేస్తే ముందు ఇల్లు ఊడ్చి, తర్వాతే నా ముఖం కడుక్కుంటాను. చదువు అంతంత మాత్రం, పాట రాదు, వంట కూడా ఒకరోజు కుదురుతుంది, ఒకరోజు కుదరదు. ఇల్లు అద్దంలా పెట్టుకుంటుందన్న పేరొక్కటే నా సొంత సంపాదన.

ఆ పేరు మీదికి ఈ మిషన్ వచ్చింది.

మా ఆయన ఫోనులో చూసి తెప్పించాడు. పొడుగాటి కర్ర, కింద తిరిగే బ్రష్షు, పైన పిడి, పిడి కింద లోపలిది కనబడే ప్లాస్టిక్ డబ్బా. "నీ నడుం నొప్పికని తెప్పించినా" అన్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనైంది. తిరగనివ్వలేదు లెండి. నేను పిడి పట్టుకోబోతే "ఉండు ఉండు, నీకు తెలీదు, పాడు చేస్తావు" అని లాక్కున్నాడు. నా నడుముకని వచ్చిన ఆ వస్తువును ఆ తర్వాత నెల రోజులు నన్ను తాకనివ్వలేదు.

గోడకు మేకు కొట్టి, ఛార్జింగు పెట్టి, దాన్ని నిలువుగా తగిలించాడు. మా అత్తకు అది నచ్చలేదు.

"చీపురును నిలబెట్టకూడదురా, ఇంటికి మంచిది కాదు."

"ఇది చీపురు కాదమ్మా, మిషను."

"ఊడ్చేదానికే గదా?"

"ఊడవదు, పీలుస్తుంది."

"పీల్చేదాన్ని దేవుడి గూటి పక్కన పెడతావా?" అంది. అప్పుడు దాన్ని తీసి బియ్యం డబ్బాల పక్కకు మార్చాడు.

మధ్యాహ్నం దుకాణం మూసి, అన్నం తిని, ఒక కునుకు తీయడం మా ఆయనకు చిన్నప్పటి నుంచీ అలవాటట. ఆ కునుకు మానేశాడు. లుంగీ పైకి ఎగ్గట్టి మిషను అందుకునేవాడు. దానికి మూడు మీటలు ఉన్నాయి. మెల్లగా, మామూలుగా, గట్టిగా. మా ఆయన గట్టిగా తప్ప ఇంకోటి నొక్కి ఎరగడు. విమానం ఇంట్లో దిగినట్టు మోత. గట్టిగా నొక్కితే ఛార్జింగు తొందరగా అయిపోతుంది కాబట్టి హాలు, పడకగది అయ్యేసరికి చల్లారిపోయేది. వంటింటి దాకా అది ఒక్కరోజు కూడా రాలేదు. వంటిల్లు నా భాగం.

మొదటి రోజే డబ్బా సగానికి పైగా నిండింది. ఆయన దాన్ని విప్పి వెలుతురుకు పట్టి, "అమ్మా, ఇట్ల రా! చూడు!" అని అరిచాడు. నా వైపు తిరిగి, "ఇదంతా నువ్వు ఊడ్చినాక వచ్చింది. ఊడవకముందు కాదు, ఊడ్చినాక!" అన్నాడు.

మా అత్త డబ్బాలోకి చూసి, "నేను ఊడ్చే రోజుల్లో ఇట్ల లేదు" అంది. ఎంత మెల్లగా అందంటే, తిట్టినా బాగుండేది.

నాకు ఒళ్ళు మండింది. మర్నాడు రెండుసార్లు ఊడ్చాను. ముందు కొబ్బరి చీపురు, తర్వాత మెత్త చీపురు, ఆపైన మోకాళ్ళ మీద కూర్చుని తడిగుడ్డ. మధ్యాహ్నం మళ్ళీ డబ్బా నిండింది. మూడో రోజు మంచాలు కూడా జరిపాను. ఇంకొంచెం ఎక్కువే వచ్చింది. నేను ఎంత శుభ్రం చేస్తే అంత దుమ్ము వస్తోంది. నా బతుకులో అంత ఏడుపు ఎప్పుడూ రాలేదు, అంత కోపమూ రాలేదు. రెండూ ఒకేసారి వస్తే ఏం చెయ్యాలో తెలియక పప్పు మాడబెట్టాను.

దుమ్ము ఇంట్లోనే ఉంటే నేను ఎట్లాగో ఓర్చుకునేదాన్ని. మా ఆయన డబ్బా చేత్తో పట్టుకుని సందులోకి పోయేవాడు. వైరు లేని మిషను కదా, ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. ఎదురింట్లో బట్టలు కుట్టే ముస్లిం ఆవిడకు చూపించాడు. పిండిమర ఆయనకు చూపించాడు. టీ కొట్టు దగ్గర బల్ల మీద పెట్టి, టీ తాగినంతసేపూ అందరికీ ఉపన్యాసం ఇచ్చాడు. "మన ఆడోళ్ళు ఊడ్చినామంటారు గానీ, అదంతా పైపైనే" అన్నాడట. ఆయన సంబరం కొత్త వస్తువు మీద. పోయేది నా పరువని ఆయనకు తట్టనే లేదు.

నెల తిరిగేసరికి త్రిపురాంతకం నుంచి మా అమ్మ ఫోను చేసింది. "ఏందమ్మా, ఇల్లు ఊడవడం మానేసినావంట?" అంది. పిండిమర దగ్గర ఎవరో అంటుంటే మా పిన్నమ్మ విని, బస్సులో పోయి చెప్పిందట. "మీ నాయన మధ్యాహ్నం సరిగా అన్నం గూడా తినలా. మేము నేర్పలేదనుకుంటారు గదమ్మా" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. వంటవాడిని పిలిచి అందరికీ నేను వండానని చెప్పుకున్నా ఇంత సిగ్గుపడను.

ఆ సాయంత్రం దుకాణానికి టీ ఫ్లాస్కు తీసుకుని పోయాను. కొట్టులో నలుగురు బేరగాళ్ళు ఉన్నారు. మా ఆయన తూకం మిషను మీద కాగితం పరిచి, దాని మీద మా ఇంటి దుమ్ము కుమ్మరించి చూస్తున్నాడు.

"ఏం సరుకన్నా అది?" అని ఒకతను అడిగాడు.

"మా ఇంటి దుమ్ము. ఈ పొద్దు ఒక్కరోజుదే, చూడు, పావుకిలోకు దగ్గర దగ్గర!"

అందరూ నవ్వారు. నేను ఫ్లాస్కుతో నెత్తిన ఒకటి వేద్దామనుకున్నాను. కానీ చెయ్యి ఆగిపోయింది. పావుకిలో అనే మాట దగ్గర ఆగిపోయింది. ఇన్నేళ్ళు కిరాణా కొట్టు ఇంట్లో బతికినదాన్ని, ఏది ఎంత తూగుతుందో నాకూ తెలుసు. దుమ్మంటే బొరుగుల్లాగా ఉండాలి, చూస్తే గంపెడు, తూస్తే ఏమీ లేకుండా. ఇది ఉప్పులాగా తూగుతోంది. చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపాను. గరుకుగా, రవ్వలాగా ఉంది. తెల్లగా కూడా ఉంది. బొంబాయి రవ్వలో ఇసుక కలిసిందంటే గుప్పెట్లోకి తీసుకుని చెప్పేస్తాడని మా ఆయనకు బజార్లో పేరు. ఆ మనిషి నెల రోజులుగా దీన్ని చూస్తున్నాడే గానీ ఒక్కసారి కూడా తాకి చూడలేదు.

నేను ఏమీ అనకుండా ఇంటికి వచ్చాను. నేను ఏమీ అనకపోవడం చూసి బేరగాళ్ళు కూడా భయపడ్డారని తర్వాత తెలిసింది. హాల్లో కూర్చుని, చీపురు పుల్ల ఒకటి విరిచి, రెండు బండల మధ్య సందులో పెట్టాను. వేలెడు లోతు దిగిపోయింది. పక్క సందులో పెట్టాను, అదీ అంతే. ఆ సందులన్నీ మా మామగారి కాలంలో సున్నం, ఇసుక కలిపి నింపినవి. పాతబడి పొడిపొడిగా ఉన్నా, నా చీపురు వాటిని ఏనాడూ కదిలించలేదు. ఈ మిషను గట్టిగా మీట మీద వాటిని రోజుకు కొంచెం పీల్చుకుంటూ వచ్చింది. మా ఆయన ఊరంతా తిప్పి చూపించింది దుమ్మును కాదు, మా ఇంటి నేలను.

చెప్పేద్దామనుకున్నాను. మళ్ళీ, చెబితే ఒప్పుకునే మనిషా అనిపించింది. ఒక్కరోజు చూద్దామని ఊరుకున్నాను.

ఆ ఒక్కరోజు చాలింది. మర్నాడు మధ్యాహ్నం ఆయన లుంగీ ఎగ్గట్టి, మోత పెట్టుకుంటూ వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. హాలు మధ్య బండ మీద కాలు పెట్టగానే అది గడుక్కుమని ఒకవైపుకు ఒరిగింది. ఆయన దబ్బున కూలబడ్డాడు. మిషను చేతిలోంచి జారలేదు, ఆగలేదు. కూర్చున్న మనిషి లుంగీ అంచు పట్టుకుని లోపలికి లాగడం మొదలుపెట్టింది. ఆయన ఒక చేత్తో లుంగీ పట్టుకుని, ఇంకో చేత్తో మీట వెతుక్కుంటూ, "ఏమే! ఆపు దాన్ని! ఏమే!" అని కేకలు.

"నాకు తెలీదు గదండీ, పాడు చేస్తాను" అన్నాను.

మా అత్త మంచం మీద లేచి కూర్చుని, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నేను ఆయన్ను లేపి, చీపురు పుల్ల చేతికిచ్చి, సందులో పెట్టమన్నాను. పుల్ల దిగింది. ఆయన ముఖం మాడిపోయింది. మా అత్త నవ్వు ఆగిపోయింది. "మీ నాయన ఎండలో నిలబడి పోయించినాడురా ఆ సున్నం. నువ్వు పీల్చి పీల్చి చెత్తబండికి ఇచ్చినావు" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "నేనూ ఊరికే ఉండలేదు గదా, నా రోజుల్లో ఇట్ల లేదని అన్నా" అంది.

మేస్త్రీ వచ్చి సందులన్నీ సిమెంటుతో నింపి పోయాడు. బాగా ఆరిన తర్వాత, ఒక మధ్యాహ్నం, నేనే మిషను తీసి ఆయన చేతికిచ్చాను. "గట్టిగానే నొక్కండి" అన్నాను. హాలంతా తిరిగాడు, పడకగది తిరిగాడు, ఛార్జింగు అయిపోయింది. డబ్బా విప్పాము. నాలుగు వెంట్రుకలు, ఒక చింతపండు పీచు. వెంట్రుకల్లో మూడు తెల్లవి, అవి ఎవరివో వాదించుకోవాల్సిన పని లేదు.

మా ఆయన "ఊఁ" అని, డబ్బా బిగించి, గోడకు తగిలించబోయాడు.

అప్పుడు వచ్చింది నాకు అసలు కోపం. నిండిన డబ్బా అయితే ఊరేగింపు, ఇది మాత్రం గోడకా? "ఎక్కడెక్కడ చూపించినారో అక్కడికంతా పదండి. ఇది కూడా చూపించాల" అన్నాను. కొంగు నడుముకు చుట్టి వెనకే నడిచాను, దారిలో తప్పించుకుంటాడని.

పిండిమర ఆయన డబ్బాను అటూ ఇటూ తిప్పి, "ఏముందన్నా ఇందులో?" అన్నాడు.

"ఏమీ లేదు."

"ఏమీ లేనిది చూపించేదానికి వచ్చినావా?"

"మీ వదిన చూపించమనింది" అన్నాడు మా ఆయన, నన్నొకసారి వెనక్కి చూసి.

టీ కొట్టు దగ్గర బల్ల మీద పెట్టి, సున్నం సంగతంతా చెప్పించాను. లుంగీ సంగతి వదిలేయబోతే గుర్తుచేశాను. అక్కడ నవ్వు రోడ్డు అవతలికి వినబడింది. చివరికి ఎదురింటికి వచ్చాము. ఆవిడ కుట్టుమిషను ఆపి, అంతా విని, చేతులు తుడుచుకుని డబ్బా తీసుకుంది. గుమ్మంలోకి వచ్చి వెలుతురుకు పట్టి చూసింది. నవ్వలేదు. లోపలికి తిరిగి, మంచం మీద ఫోను చూసుకుంటున్న భర్తను, "అజీ, ఇట్ల రాండి. ఇది చూడండి" అని పిలిచింది.

ఆయన వచ్చి తొంగి చూసి, "ఏముంది, ఖాళీ" అన్నాడు.

"ఖాళీనే. బాగా చూడండి" అంది ఆవిడ.

ఆయన మళ్ళీ చూశాడు. మా ఆయన కూడా పక్కన చేరి, తల వంచి, ఆయనతో పాటు ఆ ఖాళీ డబ్బాలోకి చూశాడు. నేను ఊడ్చిన నేలను మా ఆయన అంతసేపు చూడటం, ఇన్నేళ్ళ కాపురంలో, నాకు అదే మొదటిసారి.