వేలు ఒక వరుసలో, నోరు ఒక వరుసలో

నిన్న సాయంత్రం మా పాప సాన్వి మరాఠీ పాఠం గడగడా చదువుతుంటే, ఆమె వేలు ఐదో వరుస మీద ఉంది, నోరు మాత్రం ఇంకా మూడో వరుసలోనే ఉంది. నాకు భయం మొదలైంది అక్కడే. వారానికొకసారి కరెంటు ఆపే రోజు కావడంతో టెంఘర్‌లో మా గల్లీలోని బట్ట నేసే సాంచాలన్నీ మూగబోయి, ఆ నిశ్శబ్దంలో పక్కన కూర్చుని వినే తీరిక దొరికింది. పుస్తకాన్ని మెల్లగా లాగి మూసేశాను. ఆమె ఆగలేదు. పాఠం చివరిదాకా చెప్పి, "అయిపోయిందమ్మా, సహీ హై న?" అని నవ్వింది.

తెల్లవారితే బడిలో పరీక్ష. రెండో తరగతి పిల్లలందరికీ ఒకే కాగితం: ఎన్నడూ చూడని నాలుగు వాక్యాలు చదవాలి, నాలుగు తీసివేతలు చేయాలి. చదవలేని వాళ్లను వేరే కూర్చోబెడతారని తల్లులు చెప్పుకుంటున్నారు. నేను బీకాం చదివాను. నా బిడ్డకు చదవడం రాదని నాకు నిన్నటిదాకా తెలియలేదు. అందరికంటే ముందు తెలియాల్సింది నాకే.

నా చిన్నప్పుడు మా ఇల్లు నాగావ్‌లో, నాన్న సాంచాల కార్ఖానాను ఆనుకుని ఉండేది. మధ్యలో ఒక్క గోడ. ఆ గోడ వారగా బోర్లించిన గిన్నెలు పగలంతా సన్నగా వణికేవి, కప్పులో చాయ్ మీద చిన్న చిన్న వలయాలు తిరిగేవి, నూలు దుమ్ము ఎండలో తేలుతూ వచ్చి మా కనుబొమ్మల మీద, అన్నం మీద, దేవుడి పటం మీద ఒకే తీరుగా వాలేది. బతుకమ్మ రోజుల్లో మా సొంతూరి నుంచి బస్సులో సగం వాడి వచ్చిన తంగేడు పువ్వును వరాలా తలావ్ చెరువు ఒడ్డుకు మోసుకుపోతుంటే, మా బట్టల్లోని సాంచా నూనె వాసన దానితో కలిసి, ఆ రెండూ కలిసిందే పండుగ వాసన అని చాలా ఏళ్లు అనుకున్నాను. మలీద ముద్దలో బెల్లంతోపాటు అదీ ఉండేది. ఆ చప్పుడులో మేం పెదవులు చూసి మాట పోల్చుకునేవాళ్లం. పాఠం చదవాలంటే అరవాల్సిందే. నూలు చుట్టిన కండెల పెట్టె మీద కూర్చుని అన్నయ్య అరుస్తూ చదివేవాడు, నేను అతని పెదవులు చూస్తూ అదే అరిచేదాన్ని, సాంచా దెబ్బకొక మాట. వేలు పుస్తకం మీద నడిచేది, నడవాలి కాబట్టి. ఎవరికీ అనుమానం రాలేదు.

మూడో తరగతిలో ఒకరోజు ఎవరో కొత్త బాయి వచ్చింది. మరాఠీ బళ్లో టీచరమ్మను అట్లాగే పిలుస్తారు. పిల్లల్ని ఒక్కొక్కరిగా వరండాలోకి పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టింది. అందులో వాన గురించి ఏదో ఉందని తర్వాత తెలిసింది. నేను దానిమీద వేలు పెట్టి, గట్టిగా, మా పుస్తకంలోని కుందేలు పాఠం మొత్తం ఒప్పజెప్పాను. ఆమె నవ్వలేదు. ఇది ఎక్కడ రాసుంది తల్లీ, అని మెల్లగా అడిగింది. లెక్కలూ అంతే. కండెలు ముందుంటే నలభై రెండులోంచి పదిహేడు తీయడం నాకు చిటికెలో పని; కాగితం మీద ఆ అంకెలు ఒకదాని కింద ఒకటి నిలబడి నన్ను చూస్తుంటే ఏమీ తోచలేదు.

ఇంటికి పంపిన చీటీని అన్నయ్యే చదివాడు. "గిన్నొద్దులు ఏం సదివినవే నువ్వు?" అంది అమ్మ. నాన్న వాళ్లమ్మ, మా బాపమ్మ, సంతకం కూడా రాని మనిషి, పుస్తకం తెమ్మంది.

సాంచా మీద నిలువు దారాల్లో తెగిన పోగును పట్టుకోవడం బాపమ్మ పని. మొదటి నుంచి చూస్తే కండ్లు అలవాటుగా జారిపోతాయని ఆమె చివరి అంచు నుంచి వెనక్కి వచ్చేది, ఒక్కో పోగును వేలితో విడదీస్తూ. నా పుస్తకానికీ అదే చేసింది. కండెల పెట్టె అట్ట చింపి, ఒక్క మాట పట్టేంత కంత కోసి, పేజీలో ఆఖరి మాట మీద పెట్టింది.

"కొసకెల్లి రా. గీ కంతల ఏం కనవడ్తందో గదే చెప్పు."

"ఏం కనవడ్తలేదు బాపమ్మా."

"అబద్ధం. నాకే కనవడ్తంది, నల్లగ. సదువు రాదు గాని, కండ్లు లేవానే నాకు?"

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఒక అక్షరాన్ని పక్క అక్షరంతో కలిపాను. వెనక నుంచి వస్తుంటే కంఠతా వచ్చిన పాఠం సాయానికి రాలేదు. ఆ రోజు నాలుగు మాటలు. ఊహించి చెప్తే అట్ట మీద టక్కున కొట్టేది. చదవడం రాని ఆమెకు ఎట్లా తెలుస్తోందని అడిగితే, "నీ కండ్లు అట్ట మీదికెల్లి లేచినయ్ గద" అంది. పేజీ మొత్తం చదవడానికి హోలీ దాకా పట్టింది.

ఇప్పుడు మా కార్ఖానాలో కండెలతో పనిలేని కొత్త సాంచాలు వచ్చాయి. ఆ పెట్టెలు లేవు, వణికే గిన్నెలు లేవు, బాపమ్మ లేదు. నిన్న బిస్కెట్ల డబ్బా అట్టకు కంత కోశాను. దానికి ఏ వాసనా లేదు. సాన్వి మూడు మాటలు చదివింది. నాలుగేళ్ల చింటు, అక్క పాఠమంతా అప్పటికే నోటికొచ్చినవాడు, అట్ట లాక్కుని ఆ కంతలోంచి నన్ను చూశాడు. ఒక్క సాయంత్రంలో ఇంతకంటే ఏం వస్తుంది? ఫలితం వచ్చే వారం చెబుతారట.

ఈ రోజు పొద్దున జడ వేస్తూ ఇద్దరికీ వినబడేట్టు చెప్పాను.

"సానూ, కాగితం మీద ఎన్ని మాటలు కనవడ్తే గన్నే సదువు. రెండైతే రెండే. తెల్వని కాడ రాదని బాయికి చెప్పు. అమ్మ తిట్టది. నాకు గూడ మూడో తరగతి దాంక రాకుండె."

"ఖరంచ్? నీకు రాకుండెనా?" అని జడ లాక్కుని మరీ వెనక్కి తిరిగింది.

"నిజంగనే రాకుండె. చింటూ, నువ్వు గూడ ఇనుడు బందువెట్టి సూసుడు నేర్సుకోవాలె. పొద్దుగూకినంక ముగ్గురం కూసుందాం, కొసకెల్లి వద్దాం."