రాజమౌళి లాన్, గంగవ్వ పప్పు

సిరిసిల్ల రాజమౌళి చెడ్డవాడేం కాదు, కాకపోతే మాటల్లో పరమ పిసినారి. బతుకంతా సాంచాల చప్పుడులో నలిగిపోయాడు పాపం. ఆ మరమగ్గాలు అమ్మేశాక దొరికిన నిశ్శబ్దం ఆయనకు ఎంత నచ్చిందంటే, దాన్ని ఎవరితోనూ పంచుకోబుద్ధి కాలేదు. వాడకట్టు ఆడవాళ్లు ఎదురుపడి "ఏం కూర?" అని పలకరిస్తే, నా కూరతో వీళ్లకేం పని అన్నట్టు మొహం తిప్పుకుని పోయేవాడు. బాగున్నావా అని అడగడానికి బదులు అక్కడ కూర సంగతి అడుగుతారని ఆయనకు తెలియక కాదు. జవాబు చెబితే ఇంకో ప్రశ్న వస్తుందని భయం.

కొత్త ఇంటి ముందు కొంచెం జాగాలో లాన్ వేయించాడు. ఇక అదే ఆయన లోకం. గుడ్డలో ఒక్క పోగు తెగినా పసిగట్టిన కళ్లు కదా, ఆ పచ్చగడ్డి మధ్య ఎర్రకాడల గంగవాయిలి కూర బొద్దుబొద్దుగా పాకుతుంటే కడుపు మండిపోయేది. పీకిన కొద్దీ మొలిచేది. "దాన్ని సంపుడెందుకు, పప్పుల ఏసుకుంటే అయిపాయె" అని భార్య ఇంద్రమ్మ అనేది. లాన్ ఉన్నది చూడ్డానికి గానీ తినడానికి కాదని రాజమౌళి వాదన.

ఇంద్రమ్మ కోరుట్లలో చెల్లెలింటికి వెళ్లిన రోజే ఆయన జగిత్యాల బస్సెక్కాడు. దుకాణంవాడు వెడల్పాకుల కలుపును చంపి గడ్డిని వదిలేసే మందిచ్చాడు. ఆ ఊళ్లోనే ఉండే బిడ్డ స్వర్ణలత, సీసా మీది కాగితం తండ్రి చేత పైకి చదివించింది. గాలి ఉన్నప్పుడు కొట్టొద్దంది. చేతులకు తొడుగులు, మూతికి మాస్కు ఉండాలంది. మూతతో కొలిచినంతే కలపాలి, మందు పంపును ఇంకో పనికి వాడకూడదు. మందు పడ్డ ఆకు మనుషులు తినకూడదు, పశువులకు వేయకూడదు. అన్నిటికీ తలూపాడు. చివరికి ఆమె ఒక మాటంది.

"బాపూ, కొట్టే ముందు సుట్టుపక్కలోళ్లకు చెప్పు. మర్చిపోకు."

దానికీ తలూపాడు గానీ, మిగతావన్నీ చేతులతో చేసే పనులు, ఇదొక్కటే నోటితో చేసేది. అందుకని దాన్ని వదిలేశాడు.

మర్నాడు గాలి లేని పొద్దు చూసి, నిండు చేతుల చొక్కా, బూట్లు, తొడుగులు, మాస్కు, కళ్లద్దాలు, చాలవన్నట్టు పైన బండి హెల్మెట్టు పెట్టుకుని లాన్‌లోకి దిగాడు. మొక్క మొక్కకూ మందు కొట్టాడు. మిగిలిన సీసాను పెట్టెలో పెట్టి తాళం వేసి, పెరట్లో పంపూ తొడుగులూ కడిగి ఆరేసేసరికి పొద్దెక్కింది. ఒంటికి సబ్బు రుద్దుకుంటూ, కాగితంలో ఉన్నవన్నీ చేసినవాడు సిరిసిల్లలో తనొక్కడే అయ్యుంటాడని మురిసిపోయాడు.

ఆ మురిపెంలోనే స్నానాల గది కిటికీలోంచి లాన్ వైపు చూశాడు. గోడ పక్కన గంగవాయిలి కూర లేదు. ఎవరో లేత చివళ్లు శుభ్రంగా తెంపుకుపోయారు.

ఒక్క చెంబు నీళ్లు గుమ్మరించుకుని కోరుట్లకు ఫోన్ చేశాడు. మన లాన్‌లో ఆకు ఎవరు తెంపుతారని అడిగితే, సంధ్య, సమ్మక్క, గంగవ్వ అని, తెంపుకోమన్నది తానేనని ఇంద్రమ్మ తాపీగా చెప్పింది. ఎందుకని ఆమె అడిగేలోపు ఫోన్ పెట్టేశాడు. పప్పు ఉడికి కంచాల్లోకి వచ్చే వేళ దగ్గరపడింది. తుండు కట్టుకుని, చెవుల్లో సబ్బు నురగతోనే వీధిలో పడ్డాడు.

మందు కొట్టానని తిన్నగా చెప్పేస్తే అయిపోయేది. కానీ వాడకట్టంతా ఏకమై తిడుతుందని జంకి, దొంగదారి పట్టాడు. సంధ్య గుమ్మంలో నిలబడి, జీవితంలో మొదటిసారి "ఏం కూర?" అని అడిగాడు. సంధ్య చేతిలోని గరిటె జారిపోయింది. వంకాయ అని చెప్పి, పాపం ఆకలితో ఉన్నాడని గిన్నెడు కూర చేతిలో పెట్టింది. అది పట్టుకుని సమ్మక్క ఇంటికి పరుగెత్తాడు. అక్కడ కోడిగుడ్డు. ఒంటి మీద తుండుతో, చేతిలో గిన్నెతో కూరలు అడుక్కుంటున్న పెద్దమనిషిని చూసి, ఇంద్రమ్మ అలిగి పుట్టింటికి పోయిందని సమ్మక్క తేల్చేసింది. ఆడది లేని ఇల్లు ఇంతేనని కళ్లొత్తుకుంటూ ఇంకో గిన్నె ఇచ్చింది.

రెండు గిన్నెలతో గంగవ్వ ఇంట్లో అడుగు పెట్టేసరికి, ముసలామె పప్పు దించి రెండు కంచాల్లో వడ్డిస్తోంది. గంగవాయిలి పప్పు.

"మంచిగ అచ్చినవ్ కొడుకా. ఇంద్రమ్మ లేదాయె, ఏం తింటడో ఏమోనని నీకోసమే వండిన. కూసో."

రాజమౌళి కంచాల వంక చూశాడు. ఎన్నడూ ఒక పలకరింపుకు బదులివ్వని తనకోసం ఈమె పప్పు వండింది. తను ఆమెకు విషం పెట్టబోయాడు. సిగ్గుతో ఏడుపొచ్చింది. గంగవ్వ ముద్ద కలుపుతుంటే గిన్నెలు వదిలేసి చెయ్యి పట్టుకున్నాడు.

"తినకు అవ్వా. గా ఆకు మీద మందు కొట్టిన. ఉప్పు గిట్ల సూసినవా?"

చూడలేదంది. నాలుక మీద చుక్కైనా వేసుకోలేదని ఒట్టు పెట్టించుకున్నాక గానీ ఆయన చెయ్యి వదల్లేదు. గంగవ్వ కంచాలు పక్కకు నెట్టి ఆయన్ని ఎగాదిగా చూసింది.

"కొట్టేముందు ఒక్క మాట చెప్తే నీ నోట్లె ముత్యాలు రాలుతుండెనా?"

రాజమౌళి పప్పంతా తనే ఆమె పెరట్లో గుంట తీసి పూడ్చాడు, కుండ పదిసార్లు తోమాడు. సాయంత్రానికి ఇంటింటికీ పోయి, వారం తిరిగేదాకా లాన్ గడప తొక్కొద్దని చెప్పి, తిట్లన్నీ నిలబడి తిన్నాడు. కూర అడిగింది ఎందుకో తెలిశాక సమ్మక్క ఇచ్చిన గిన్నె కూడా వెనక్కి తీసుకుంది.

వానలు పడ్డాయి. గంగవాయిలి కూర మళ్లీ ఏపుగా లేచింది. ఈసారి రాజమౌళి బుద్ధిగా ముందురోజే ప్రతి గుమ్మం ఎక్కి, రేపు పొద్దున మందు కొడుతున్నా, ఆకు ముట్టొద్దని ఒక్కొక్కరికీ విడమరిచి చెప్పాడు. అంత మాట్లాడిన అలసటకు పెందలాడే నిద్రపోయాడు.

తెల్లారి హెల్మెట్టు పెట్టుకుని, పంపు వీపున తగిలించుకుని బయటికొస్తే లాన్‌లో ఒక్క కలుపు మొక్క లేదు. మందు పడేది రేపు కదా అని, సాయంత్రమే ఆడవాళ్లంతా గంపలతో దిగి, వేళ్లతో సహా ఊడ్చుకుపోయారు. పచ్చగడ్డి ఒక్కటే, పోగు తెగని గుడ్డలా పరుచుకుని ఉంది. హెల్మెట్టు తీయడం కూడా మరిచి, ఆయన దాని మధ్యలో నిలబడిపోయాడు.

గోడ మీంచి గంగవ్వ తల కనిపించింది.

"మళ్ల ఎప్పుడు కొడుతవ్ కొడుకా మందు? జర ముందుగాల చెప్పు."